పశువుకు వణుకొస్తే మన నడుంనొప్పి మాత్ర వేయొద్దు

ఈనిన మర్నాడే గేదె కాళ్లు వణికి కూలబడుతుంది. తోట కాపలా కుక్క ఉన్నట్టుండి కొయ్యబారి కొట్టుకుంటుంది. మేకపోతు దవడ బిగుసుకుపోయి మేత ముట్టదు. పైకి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. కండరాలు బిగుస్తాయి, ఒళ్లు వణుకుతుంది. కానీ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు.

సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం, పద్మనాభం వైపు నుంచి విశాఖ నగరానికి పాలు పోసే చిన్న రైతుకు ఒకటి రెండు పశువులే ఆధారం. ఊరికి దగ్గర్లో మెడికల్ షాపులకు కొదవ లేదు. డాక్టరు వచ్చేలోగా ఏదో ఒకటి చేద్దామని, మనుషుల నడుంనొప్పి మాత్ర తెచ్చి అరటిపండులో పెట్టి మింగించేవారున్నారు. చాలాసార్లు రోగం కంటే ఆ మాత్రే ఎక్కువ చేటు చేస్తుంది.

కండరాలు సడలించే మందులంటే...

మిథోకార్బమాల్, డయాజెపామ్ వంటివి వెన్నుపాము, మెదడు మీద పనిచేసి బిగుసుకున్న కండరాలను సడలిస్తాయి. కుక్కలు, పిల్లులు, గుర్రాల వైద్యంలో మిథోకార్బమాల్ వాడకం చాలాకాలంగా ఉంది. ఇవి బిగుతును తగ్గిస్తాయే తప్ప దాని మూలాన్ని తీసేయవు. ఒంట్లో ఉన్న విషానికి విరుగుడు, పుండులో ఉన్న క్రిమికి మందు వేరేగా పడాల్సిందే. మోతాదు పశువు బరువును బట్టి ఉంటుంది. ఎక్కువైతే మగత కమ్మి, ఊపిరి మందగిస్తుంది. డయాజెపామ్‌ను ప్రభుత్వం హెచ్-1 జాబితాలో పెట్టింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినది షాపువాళ్లు రిజిస్టరులో రాయాలి.

ఈ మందులు ప్రాణం నిలిపే జబ్బులు

మొదటిది ముష్టి గింజ విషం. తూర్పు కనుమల్లో ముష్టి చెట్లు బాగా ఉన్నాయి. మన్యం గిరిజనులు ఈ గింజల్ని ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. 1956లో పుట్టిన ఈ సంస్థ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. గింజలో ఉండే స్ట్రిక్నిన్ అనే విషం వెన్నుపాములో కండరాలకు పడే పగ్గాన్ని తెంచేస్తుంది. తిన్న పది నిమిషాల నుంచి రెండు గంటల లోపు లక్షణాలు కనిపిస్తాయి. చప్పుడైనా, వెలుతురు పడినా, చెయ్యి తగిలినా ఒళ్లంతా విల్లులా బిగుస్తుంది. ఛాతీ కండరాలు కూడా బిగిసి ఊపిరాడక చనిపోతుంది. డాక్టరు వెంటనే సూదిమందుతో కండరాలు సడలించి ఊపిరి నిలబెడితే, విషం ఒంట్లోంచి పోయేదాకా పశువు బతికి ఉంటుంది. ఆరబోసిన గింజల దగ్గరికి కుక్కల్ని, మేకల్ని పోనివ్వకూడదు.

రెండోది ధనుర్వాతం. మేకు గుచ్చుకున్నచోట, వట్టలు కొట్టించిన పుండులో, దూడ బొడ్డులో, ఈనిన పశువు గర్భసంచిలో క్రిమి చేరుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో జబ్బు బయటపడుతుంది. చెవులు నిక్కబొడుచుకుంటాయి, తోక కర్రలా నిలుస్తుంది, కంటి మూల నుంచి పొర అడ్డంగా వస్తుంది, దవడ కరుచుకుపోతుంది. గుర్రాలు, మేకలు, గొర్రెలకు బెడద ఎక్కువ. పెన్సిలిన్, విషానికి విరుగుడు సూది, కండరాలు సడలించే మందు మూడూ కలిపి వాడాలి. పశువును చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచాలి. ఇంత చేసినా అన్నీ బతకవు. కాబట్టి పుట్టిన దూడ బొడ్డుకు టింక్చర్ అయొడిన్ పూయడం, పుండు పడితే కడిగించి టీకా వేయించడం చౌకలో పోయే పని.

ఈ మందులు పనికిరాని వణుకులు

పాలజ్వరం: బాగా పాలిచ్చే పశువుకు ఎక్కువగా ఈనిన మూడు రోజుల్లోపు వస్తుంది. పేరుకు జ్వరమే గానీ ఒళ్లు, చెవులు చల్లబడతాయి. రక్తంలో కాల్షియం పడిపోవడమే కారణం. ముందు వణుకు, తర్వాత కూలబడటం, మెడ పక్కకు తిప్పి పడుకోవడం కనిపిస్తాయి. అప్పటికే సత్తువ లేని కండరాలను ఇంకా సడలిస్తే పశువు దక్కదు. కాల్షియం సీసాను డాక్టరు గుండె చప్పుడు చూసుకుంటూ నరంలోకి మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది.

పురుగుమందు విషం: క్లోరిపైరిఫాస్, క్వినాల్‌ఫాస్ వంటివి చల్లిన గడ్డి మేసినా, డబ్బా కడిగిన నీళ్లు తాగినా చొంగ, పారుడు, వణుకు వస్తాయి, కంటి పాప చిన్నదవుతుంది. దీనికి విరుగుడు అట్రోపిన్ ఇంజెక్షన్. మందు డబ్బా దాచి డాక్టరుకు చూపాలి.

యూరియా విషం: బస్తా నాకినా, సరిగా కలపని యూరియా గడ్డి తిన్నా వణుకు, నురగ, కడుపుబ్బరం గంటల్లోనే వస్తాయి. డాక్టరు గొట్టంతో 20 నుంచి 40 లీటర్ల చన్నీళ్లు, 2 నుంచి 6 లీటర్ల వెనిగర్ పెద్ద పశువు కడుపులోకి పంపుతారు.

కుక్క, పిల్లి సంగతి

డిస్టెంపర్ జ్వరం తగ్గాక కుక్కకు కాలో, దవడో ఆగకుండా అదురుతుంటుంది. అది నరాలకు జరిగిన నష్టం, మాత్రతో పోయేది కాదు. పిల్లప్పుడే టీకాలు వేయించడమే మార్గం.

గేదెల పిడుదులకు వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ మందును కొందరు పిల్లికీ రాస్తారు. వీటిని అరిగించుకునే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. వణుకు పట్టుకుంటుంది. వెంటనే గిన్నెలు తోమే సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. ఇక్కడ మాత్రం మిథోకార్బమాల్ బాగా పనిచేస్తుంది.

మన మాత్రలో ఇంకేముంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. షాపులో దొరికే నడుంనొప్పి మాత్రల్లో కండరాలు సడలించే మందు ఒక్కటే ఉండదు. చాలావాటిలో పారాసిటమాల్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్‌లో ఏదో ఒకటి కలిసి ఉంటుంది. పారాసిటమాల్ ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్రతో పిల్లి చనిపోవచ్చు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. బాక్లోఫెన్ మాత్ర మింగిన కుక్క స్పృహ తప్పి, ఊపిరి ఆగేదాకా పోతుంది.

డైక్లోఫెనాక్ వాడిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు కూడా చచ్చిపోతాయి. దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోవడానికి ఇదే కారణమని తేలాక, 2006లో కేంద్రం దీన్ని పశువులకు నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా నిషేధించింది. అంటే ఈ కలగలుపు మాత్రల్లో కొన్నింటిని పశువుకు వేయడం ప్రమాదమే కాదు, నిషిద్ధం కూడా.

నోట్లో చెయ్యి పెట్టొద్దు

వణుకు, చొంగ, గొంతు మారడం, మింగలేకపోవడం పిచ్చి కుక్క కాటు జబ్బుకు గుర్తులు కావచ్చు. ఏదో గొంతుకు అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టడం చాలా ప్రమాదం. ఈ జబ్బు లక్షణాలు కనిపించాక మందు లేదు. చొంగ తగిలినా, కరిచినా సబ్బుతో పావుగంట కడుక్కుని ఆసుపత్రికి వెళ్లి సూదులు వేయించుకోవాలి. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేస్తారు.

డాక్టరు వచ్చేలోగా...

- 1962కు ఫోన్ చేయండి. సంచార పశువైద్య వాహనం వస్తుంది. రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికీ కబురు చేయండి.
- పశువును నీడలో, చప్పుడు లేనిచోట ఉంచండి. జనం గుమికూడనివ్వొద్దు.
- కూలబడిన గేదెను ఒక పక్కకు వాలిపోకుండా గడ్డిమోపుల ఆసరాతో రొమ్ము మీద కూర్చోబెట్టండి.
- వణుకుతున్న పశువుకు నోటి ద్వారా నీళ్లు, కషాయం, నూనె పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
- ఎప్పుడు ఈనింది, ఏం మేసింది, ఏ మందు చల్లారు, ఎక్కడ గాయమైంది? ఈ నాలుగూ గుర్తుచేసుకుని చెప్పండి.
- ఇప్పటికే ఏదైనా మాత్ర వేసి ఉంటే దాచొద్దు. దాని రేకు చూపించండి. అది తెలియక డాక్టరు మరో మందు ఇస్తే రెండూ కలిసి పశువు ఊపిరి తీస్తాయి.
- వైద్యం తర్వాత పాలు ఎన్ని రోజులు పోయకూడదో అడిగి తెలుసుకోండి.

వణుకు అనేది జబ్బు పేరు కాదు, జబ్బు చేసే కేక. ఆ కేక నొక్కేస్తే జబ్బు పోదు. కారణం పట్టుకున్నాక సరైన మందు పడితే, కూలబడిన గేదె కూడా లేచి మళ్లీ పాలిస్తుంది.