కొండ దిగడానికీ ఖర్చుంది

2022 సెప్టెంబరులో బెర్లిన్ తారు రోడ్డు మీద ఎలియూడ్ కిప్చోగె 42.195 కిలోమీటర్లను 2 గంటల 1 నిమిషం 9 సెకన్లలో పరుగెత్తాడు. అప్పటికి అదే ప్రపంచ రికార్డు. అదే ఏడాది మే నెలలో, ఉత్తర స్పెయిన్‌లోని బాస్క్ కొండల్లో జరిగిన పోటీలో కిలియన్ జోర్నెట్ సరిగ్గా అంతే దూరం పరుగెత్తాడు. ఆయనకు పట్టింది 3 గంటల 36 నిమిషాల 40 సెకన్లు. అదీ ఆ పోటీలో రికార్డే. గంటన్నరకు పైగా తేడా!

కొండ ఎక్కాలి కాబట్టి ఆలస్యమైందని వెంటనే అనిపిస్తుంది. కానీ జోర్నెట్ పరుగు మొదలైంది సెగామ అనే ఊళ్లో, ముగిసిందీ అదే ఊళ్లో. ఎక్కినంతా మళ్లీ దిగాడు: 2,736 మీటర్లు ఎక్కుడు, 2,736 మీటర్లు దిగుడు. అలాంటప్పుడు ఎక్కేటప్పుడు పోయిన సమయం దిగేటప్పుడు తిరిగి చేతికి రావాలి కదా? రాదు. ఎందుకు రాదో తెలిస్తే కొండ దారుల సంగతీ, మన కాళ్ల సంగతీ చాలావరకు తెలిసినట్టే.

ముందు ఆ నేల గురించి కొంత చెప్పాలి. సెగామ దాదాపు పదిహేను వందల మంది ఉండే పల్లె, గిపుస్కోవా ప్రాంతంలో ఉంది. దాని వెనక ఐస్కొర్రి కొండల వరుస గోడలా లేచి ఉంటుంది. అందులో ఎత్తయిన శిఖరం ఐచురి, 1,551 మీటర్లు. స్పెయిన్ అనగానే ఎండిన మైదానాలు, ఆలివ్ తోటలు గుర్తొస్తాయి. ఇది అలాంటి చోటు కాదు. బిస్కే అఖాతం నుంచి వచ్చే తేమగాలి ఈ కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, మబ్బుగా, వానగా మారుతుంది. అందుకే ఉత్తరపు వాలులు ఏడాది పొడుగునా పచ్చగా, బురదగా ఉంటాయి. 2006లో ఈ ప్రాంతాన్ని ప్రకృతి ఉద్యానంగా ప్రకటించారు.

శిఖరాల మీదున్నది సున్నపురాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కొద్దిగా కరిగిన వాననీటికి పులుపు గుణం వస్తుంది. ఆ నీరు లక్షల ఏళ్లుగా సున్నపురాయిని కరిగిస్తూ వచ్చింది. పైన కత్తి అంచులున్న గాడులు పడ్డాయి, లోపల గుహలు ఏర్పడ్డాయి. అలాంటి గుహే సాన్ అడ్రియాన్ సొరంగం. కొండకు ఈ వైపు నుంచి ఆ వైపుకు తెరుచుకున్న సహజమైన ద్వారం అది. మధ్యయుగంలో వర్తకులూ, సాంతియాగో పుణ్యక్షేత్రానికి వెళ్లే యాత్రికులూ దాని గుండానే నడిచారు. లోపల చిన్న ప్రార్థన మందిరం, దగ్గరలో పాత రాళ్ల బాట ఇప్పటికీ ఉన్నాయి. ఈనాటి పరుగువీరులు వెళ్లేదీ ఆ సొరంగం గుండానే.

ఈ పోటీలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. 2002లో మొదలైన ఈ పరుగు ఎక్కువగా పాత దారులనే పట్టుకుంది. కొన్ని యాత్రికులవి. కొన్ని బీచ్ అడవుల్లో కొమ్మలు నరికి బొగ్గు కాల్చినవాళ్లవి. పైనున్న ఉర్బియా పచ్చికకు వేసవిలో లాచా గొర్రెలను తోలుకెళ్లే కాపరులవి కొన్ని. ఆ గొర్రెల పాలతోనే పొరుగూరి పేరు మోసే ఇదియసాబల్ జున్ను తయారవుతుంది. ఈ దారులు వేసినవాళ్ల దగ్గర కొలబద్దలు లేవు, అయినా ఎక్కడ నిటారుగా పోవాలో, ఎక్కడ మలుపు తిప్పాలో వాళ్ల కాళ్లకు తెలుసు.

ఆ తెలివిని అంకెల్లోకి తెచ్చినవారిలో ఇటలీ శాస్త్రవేత్త అల్బెర్టో మినెట్టి ఒకరు. దారి మరీ ఏటవాలుగా ఉంటే కండరాలు అలసిపోతాయి. మరీ చదునుగా, చుట్టూ తిప్పుకుంటూ పోతే ఎత్తు చేరడానికి అడుగులు ఎక్కువవుతాయి. ఒక మీటరు ఎత్తు ఎక్కడానికి అతి తక్కువ శక్తి ఖర్చయ్యే వాలు ఎంత? 1995లో ఆయన వేసిన లెక్కలో దాదాపు 25 శాతం అని తేలింది. అంటే నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. కొండ అంతకన్నా నిటారుగా ఉన్నచోట, అడ్డంగా పోయి మలుపు తిరిగి మళ్లీ అడ్డంగా పోయే బాటే శరీరానికి చవక.

2002లో ఆయన బృందం కొండ పరుగులో ఆరితేరినవారిని వాలు మార్చగల ట్రెడ్‌మిల్ ఎక్కించి, వాళ్లు వాడుకునే ఆక్సిజన్‌ను కొలిచింది. చదును నేల మీద ఒక కిలో బరువును ఒక మీటరు దూరం పరుగున మోయడానికి 3.40 జౌళ్ల శక్తి ఖర్చయింది. 45 శాతం ఎక్కుడులో అది 18.93కు చేరింది, ఐదున్నర రెట్లు. అదే వాలును నడిచి ఎక్కితే 17.33 జౌళ్లు చాలు. కాబట్టి నిటారు ఎక్కుడులో మేటి పరుగువీరులు సైతం చేతులు తొడల మీద ఆనించి నడవడాన్ని ఓటమి అనుకోకూడదు. సెగామ పోటీలో శిఖరం ముందు వచ్చే చివరి నిటారు ఎక్కుడులో కనిపించేది ఆ నడకే.

ఇక దిగుడు. 20 శాతం దిగుడులో ఖర్చు 1.73 జౌళ్లకు, అంటే చదును నేల మీది ఖర్చులో సగానికి పడిపోయింది. కానీ వాలు ఇంకా పెరిగేకొద్దీ ఖర్చు మళ్లీ పెరిగింది. 45 శాతం దిగుడులో అది 3.92 జౌళ్లు, చదును నేల మీదికన్నా ఎక్కువే! భూమ్యాకర్షణ లాగుతుంటే కాళ్లు ఊరికే ఉండవు, ప్రతి అడుగులో బ్రేకు వేస్తాయి. ఎత్తులో దాచుకున్న శక్తి వేగంగా మారకుండా తొడల్లో వేడిగా పోతుంది. మొదట అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇది. మిగతా సగం నేలలో ఉంది. తడిసిన సున్నపురాయి మీదా, బీచ్ వేళ్ల మీదా, బురదలోనూ పాదం ఎక్కడ ఆనాలో ముందే చూసుకోవాలి. కన్ను చోటు వెతికేలోపే కాలు దాటిపోయేంత వేగం అక్కడ ప్రమాదం.

ఖర్చు ఒక్కటే అయితే ఫరవాలేదు, గాయం కూడా ఉంది. మెట్టెక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ పనిచేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం బిగుసుకుని ఉండగానే సాగుతుంది. అలా సాగుతూ పనిచేసే కండరం తక్కువ ఆక్సిజన్‌తోనే ఎక్కువ బలం ఇస్తుంది. అందుకే దిగేటప్పుడు ఆయాసం ఉండదు, హాయిగానే ఉందనిపిస్తుంది. కానీ ఆ సాగుడులో కండర నారల లోపలి సన్నని అమరికలు అక్కడక్కడ చెదురుతాయి. మరమ్మతు మొదలై వాపు వస్తుంది. మర్నాడో, ఆ మర్నాడో మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది. ఈ నొప్పికి లాక్టిక్ ఆమ్లం కారణమని చాలామంది ఇప్పటికీ చెబుతుంటారు. అది సరి కాదు. ఆ ఆమ్లం పరుగు ఆగాక గంటా రెండు గంటల్లోనే రక్తంలోంచి తొలగిపోతుంది, నొప్పి మాత్రం రెండు మూడు రోజులు ముదురుతుంది.

స్పెయిన్‌లో కాలిబాటల బోర్డుల మీద నడక సమయం రాయడానికి వాడే ఒక లెక్క ఈ సంగతిని గుర్తిస్తుంది. గంటకు 400 మీటర్లు ఎక్కగలరు, 600 మీటర్లు దిగగలరు అని పెట్టుకుంటారు. దిగుడుకూ సమయం కేటాయించారు చూడండి! ఆ నిలువు సమయాన్నీ, దూరానికి పట్టే సమయాన్నీ పక్కపక్కన పెట్టి, పెద్దదానికి చిన్నదానిలో సగం కలుపుతారు. గంటకు నాలుగు కిలోమీటర్ల నడకతో లెక్కిస్తే సెగామ దారికి పదహారున్నర గంటలు దాటుతుంది. జోర్నెట్ మూడున్నర గంటలు ఎంత గొప్పవో అప్పుడు అర్థమవుతుంది.

ఒక మంచి కబురు ఉంది. కండరం ఒక్క దెబ్బతోనే నేర్చుకుంటుంది. ఒకసారి పొడవైన దిగుడు పరుగెత్తి నొప్పి పడి కోలుకున్న తొడలకు, తర్వాత కొన్ని వారాల పాటు అదే దిగుడు చాలా తక్కువ నష్టం చేస్తుంది. ఎక్కడం ఎంత సాధన చేసినా ఈ రక్షణ రాదు, దిగితేనే వస్తుంది.

కాబట్టి ఏ దేశపు కొండ పరుగుకైనా పేరిచ్చిన పాఠకులకు ఒక మాట. గుండెకూ ఊపిరికీ సాధన మీరు ఎలాగూ చేస్తారు. పోటీకి రెండు మూడు వారాల ముందు ఒక పొడవైన దిగుడు ఎంచుకుని, చిన్న చిన్న అడుగులతో పరుగెత్తండి. నొప్పి పూర్తిగా తగ్గేదాకా తొడలకు విశ్రాంతి ఇవ్వండి. పోటీకి ముందు వారంలో మాత్రం ఆ పని చేయకండి.