ఏడవ దినమున ఎవరు వెళ్ళారు?



2020వ సంవత్సరము మార్చి 22వ తేదీ ఆదివారము ఉదయమున మా గుడి గంట మ్రోగలేదు. జనతా కర్ఫ్యూ అన్నారు. ఒక్క దినమే గదా అని మేమును సరిపెట్టుకున్నాము. సాయంకాలము 5 గంటలకు ఊరంతా చప్పట్లు కొడుతుంటే మా పిల్లలు కూడ పళ్ళెము, గరిటె పట్టుకొని వీధిలోనికి పరుగెత్తారు. తరువాత మంగళవారము రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రిగారు టి.వి.లో మాట్లాడారు. నాలుగు గంటల వ్యవధిలో దేశమంతా మూతపడింది. మొదట 21 దినములన్నారు. అది పొడిగిస్తూ పొడిగిస్తూ మే నెలాఖరు వరకు సాగింది. ఆ ఏడు గుడ్ ఫ్రైడే, ఈస్టరు పండుగలు తలుపులు వేసుకొని ఇండ్లలోనే జరుపుకున్నాము. జూన్ 8 వరకు మందిరములు తెరువలేదు.

ఆ వ్యాధి అబద్ధమని గాని, జాగ్రత్తలు వృథా అని గాని మేము వ్రాయబోవుట లేదు. 2021 మే నెలలో రెండవ విడత వచ్చినప్పుడు మా సంఘములోనే ముగ్గురిని సమాధి చేశాము. ఒకరి ముఖము కడసారి చూచుటకు కన్నబిడ్డలకే వీలు కలుగలేదు. కాబట్టి ఆ మాట మా దగ్గర ఎవరును అననక్కర లేదు. అయితే ప్రతి సాయంకాలము టి.వి.లో చదివిన ఆ లెక్కలలో చేరని వారు కొందరున్నారు. వారు కరోనాతో చనిపోలేదు, కరోనా వారికి రానే లేదు. తలుపులు మూసిన కాలము వారి మీదుగా నడిచి వెళ్ళింది. వారిని గూర్చి వ్రాయవలెనని చాలా కాలముగా అనుకుంటున్నాము. వ్రాయుటకు మాకు కొంత సిగ్గు అడ్డము వచ్చింది.

మాది ఒంగోలుకు పడమట మెట్ట ప్రాంతము. వానలు లేని ఏడు సగము పల్లె హైదరాబాదులో ఉంటుంది. తాపీ పని, మట్టి పని, అపార్టుమెంట్ల కాపలా. మా సంఘస్థుడొకడు, నలభై ఏండ్లు నిండనివాడు, తాపీమేస్త్రీ క్రింద పనిచేసేవాడు. ఏప్రిల్ మొదటివారములో కొంత దూరము నడిచి, కొంత దూరము ఉల్లిపాయల లారీలో కూర్చొని ఊరు చేరాడు. అతనిని బడిలో పెట్టిన క్వారంటైనులో 14 దినములు ఉంచారు. పరీక్షలో నెగటివ్ వచ్చింది. ఆ మాట వినగానే అతని భార్య మాకు ఫోను చేసి ఏడ్చింది. మేము ఫోనులోనే స్తోత్ర ప్రార్థన చేశాము.

అతనికి దగ్గు మాత్రము పోలేదు. ఆ రోజులలో దగ్గు అంటే ఏమిటో మీకు జ్ఞాపకమే. ఎవరైనా దగ్గితే వీధి కుళాయి దగ్గర బిందెలు వెనుకకు జరిగేవి. ఆ ఇంటికి “కరోనా ఇల్లు” అని పేరు పడింది, నెగటివ్ కాగితము చూపించినా పోలేదు. భార్య అతనిని దిండులో ముఖము పెట్టుకొని దగ్గమని చెప్పేదట. చిన్నబిడ్డకు అప్పటికి ఎనిమిదేండ్లు. రాత్రులు తండ్రి ప్రక్కనే పండుకొనేది.

మేము వారమునకొకసారి ఫోను చేశాము. సంఘము తరఫున పది కిలోల బియ్యము, కందిపప్పు, నూనె పంపాము. “జ్వరమున్నదా అమ్మా?” అని అడిగితే “లేదయ్యగారూ, సిమెంటు దుమ్ముకు వచ్చిన దగ్గు” అన్నది. ఆ జవాబు మాకు హాయిగా ఉండింది. సెప్టెంబరులో మందిరమునకు వచ్చినప్పుడు చొక్కా అతని మీద వ్రేలాడుతున్నది. అక్టోబరులో ఆశా వర్కరు పట్టుబట్టి గళ్ళ పరీక్ష చేయించింది. టి.బి. అప్పటికి రెండు ఊపిరితిత్తులకు ప్రాకింది. డిసెంబరులో, క్రిస్మసుకు పది దినముల ముందు, చనిపోయాడు. బిడ్డ మెడ మీద గడ్డ లేస్తే అదియు టి.బి. అనే తేలింది. ఆరు నెలలు మందులు వాడి ఆ బిడ్డ బాగుపడింది. దేవునికి స్తోత్రము.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. ప్రభుత్వ లెక్కల ప్రకారము 2019లో మన దేశములో టి.బి. రోగులుగా నమోదైనవారు 24 లక్షల మంది. 2020లో ఆ సంఖ్య 18 లక్షలకు పడిపోయింది. రోగము తగ్గి సంఖ్య తగ్గలేదు. బస్సులు లేవు, ఆసుపత్రిలో ఓ.పి. లేదు, టి.బి. కనిపెట్టు యంత్రములలో అనేకము కరోనా పరీక్షలకు పెట్టారు, దగ్గేవాడు దగ్గు దాచుకున్నాడు. కనబడకుండ పోయిన ఆరు లక్షల మందిలో మా సంఘస్థుడు చాలా కాలము ఒకడు. చికిత్స లేని ఒక్క రోగి వలన సంవత్సరములో పది పదిహేనుమంది వరకు వ్యాధి అంటవచ్చునని వైద్యులు చెప్పుదురు. ప్రపంచమంతట కూడ, పది సంవత్సరములకు పైగా తగ్గుతూ వచ్చిన టి.బి. మరణములు 2020లో మరల పెరిగినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ ఏడు సుమారు 15 లక్షల మంది చనిపోయారు.

కిడ్నీ రోగుల సంగతి మరొకటి. వారానికి రెండు మూడుసార్లు డయాలిసిస్ లేనిదే వారు బ్రతుకలేరు. రాజస్థాన్‌లో ప్రభుత్వ బీమా క్రింద డయాలిసిస్ చేయించుకొను వారిని పరిశోధకులు విచారించగా, నూటికి 63 మందికి ఆ లాక్‌డౌన్‌లో చికిత్సకు ఆటంకము కలిగినది. మార్చితో పోల్చితే మే నెలలో వారి మరణములు నూటికి 64 వంతులు ఎక్కువ. వారిని చంపినది దారి లేకపోవుట.

ఇండ్ల లోపల జరిగినది ఏ ఆసుపత్రి పుస్తకములోనికి ఎక్కలేదు. మార్చి నెలాఖరు నుండి మే 4 వరకు సారాయి దుకాణములు మూసినప్పుడు మా స్త్రీల సమాజము వారు ఉపవాసముండి స్తుతించారు. మేమును సంతోషించాము. కాని త్రాగుడు ఒక రోగమని, వైద్యము లేకుండ ఒక్కసారిగా ఆపితే కొందరికి ప్రాణాపాయమని మేము అప్పుడు ఎరుగము. 2020 జూలై నెలాఖరులో ప్రకాశము జిల్లా కురిచేడులో, కరోనా కేసుల వలన మరల దుకాణములు మూసిన దినములలో, చేతులు కడుగుకొను శానిటైజరు త్రాగి పదిమందికి పైగా చనిపోయారు. వారిలో భిక్షమెత్తుకొనేవారు కూడ ఉన్నారు. ఆ వార్త వచ్చిన దినమున మా వీధిలో ఒకరు, “తాగుబోతులే గదా” అన్నారు. ఆ మాటకు మేము జవాబు చెప్పకపోవుట కూడ ఇక్కడ వ్రాసుకోవలసినదే.

పురుషులు పనిలేక ఇంటనున్నారు. దెబ్బలు తిన్న స్త్రీ పరుగెత్తుటకు పుట్టిల్లు లేదు, బస్సు లేదు, ఆదివారము గుడి మెట్లు కూడ లేవు. ఫిర్యాదులు ఎక్కువైనవని జాతీయ మహిళా కమిషన్ వారు ఆ ఏప్రిల్‌లోనే ప్రత్యేకముగా వాట్సాప్ నంబరు ఇచ్చారు. భర్త చేతిలోనే ఫోనుండే ఇంట ఆ నంబరు ఎవరికి ఉపయోగపడునో మాకు తెలియదు.

మరొక సంగతి మా సంఘములకే చెందినది. పెండ్లికి ముందు ఆదివారములలో సంఘము ఎదుట ప్రకటన చదువుట మనకు అలవాటు. ఎవరికైనా అభ్యంతరమున్న యెడల చెప్పవచ్చును. మేము చాలా కాలము దానిని ఒక ఆచారమనుకొని చదివాము. 2020 వేసవిలో మందిరము మూసియుండగా ప్రకటన చదువుట ఆగినది. పెండ్లికి 50 మందికి మించరాదని నిబంధన. ఖర్చు తక్కువ, బడి లేదు, పిల్ల ఇంట ఖాళీగా ఉన్నది. తొమ్మిదవ తరగతి చదివే పిల్లకు పెండ్లి చేయమని ఒక తండ్రి మమ్మును అడిగాడు. కాదన్నాము. వారు ఎవరినో పిలిపించుకొని ఇంటిలోనే చేశారు. ఆ పిల్లకు పదిహేడు నిండకముందే కాన్పు అయింది. కాదని చెప్పి ఫోను పెట్టేశామే గాని, అధికారులకు తెలియజేయలేదు, మరునాడు ఆ ఇంటికి పోలేదు. ఆ ప్రకటన ఆచారము కాదని అప్పుడు మాకు అర్థమైంది.

చదువు సంగతి క్లుప్తముగా చెప్పుదుము. మన రాష్ట్రములో అన్ని తరగతులకు బడులు నిలకడగా తెరచుటకు 2021 ఆగస్టు వచ్చింది. దేశములో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠము చదువగలిగినవారు 2018లో నూటికి 27 మంది ఉండగా 2022లో 20 మందియే అని అసర్ నివేదిక తెలుపుచున్నది. మా సండేస్కూలులో ఆ ఈడు పిల్లలకు ఇప్పటికిని వాక్యము ఇచ్చి చదువమంటే తలవంచుకుంటారు.

ఆ దినములలో మందిరముల మూసివేతను సమర్థించుచు మేమే ఫోనులో ప్రసంగించాము. లేవీయకాండము 13వ అధ్యాయము తీసి, రోగము అనుమానమున్నవానిని ఏడు దినములు ప్రత్యేకముగా ఉంచుట దేవుడు మోషేకిచ్చిన కట్టడయే అని బోధించాము. చాలామంది కాపరులు అదే చెప్పారు. తప్పు లేదు. అయితే ఆ మనిషిని సమాధి చేసి వచ్చిన రాత్రి అదే అధ్యాయము మరల చదివాము. ఏడు దినములు ఉంచుటతో అక్కడ మాట ముగియుట లేదు. ఏడవ దినమున యాజకుడు వానిని మరల చూడవలెను. అనుమానము తీరని యెడల మరి ఏడు దినములు, మరల చూడవలెను. 14వ అధ్యాయములో ఇంకొక మాట ఉన్నది. యాజకుడే పాళెము వెలుపలికి పోయి ఆ రోగిని చూడవలెను. వేరుగా ఉంచుమన్న ఆజ్ఞను అందరమును గైకొన్నాము. వెళ్ళి చూడుమన్నది యాజకునికి ఇచ్చిన ఆజ్ఞ. మేము గదిలో కూర్చొని ఫోను చేశాము.

మా తాతల కాలపు సంగతి ఒంగోలు ప్రాంత విశ్వాసులకు తెలియనిది కాదు. 1876 నుండి 1878 వరకు గొప్ప కరవు వచ్చినప్పుడు క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టుగా తీసుకొని ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించారు. బోధకులే ఆ కూలీల గుంపుల మధ్య ఉండి పని చూచారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని ప్రతి ఏడు చెప్పుకుంటాము. కాలువ గట్టు సంగతి అంతగా చెప్పుకోము.

ఇప్పుడు మా సంఘములో డీకన్లు, స్త్రీల సమాజము వారు ఇద్దరిద్దరుగా నెలకొకసారి ప్రతి ఇంటికి పోతున్నారు. కానుక పుస్తకము వెంట తీసుకుపోరాదని నిర్ణయించాము, లేనియెడల తలుపు తీయుటకు జనులు జంకుతారు. రెండు వారములు దాటిన దగ్గు ఎవరికున్నను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసుకొనిపోతాము. పరీక్షకు, ఆరు నెలల మందులకు డబ్బు కట్టనక్కర లేదు. పోషణకు నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుండి వెయ్యి చేశారు. ఈ సంగతి తెలియనివారు మన పల్లెలలో ఇంకను ఉన్నారు, మీ వీధిలో చెప్పండి. ఇంతవరకు మా వారు ఇద్దరు రోగులను ముందుగా కనిపెట్టారు. ఒకాయన మాత్రము మా మీద కోపగించి వేరే సంఘమునకు వెళ్ళిపోయాడు.

పోయిన నెల ఆ తాపీపనివాని ఇంటికి మేమును అమ్మగారును వెళ్ళాము. బిడ్డ ఇప్పుడు హైస్కూలులో చదువుతున్నది, తల్లి నరేగా పనికి పోయి అప్పుడే వచ్చింది. ప్రార్థన అయిన తరువాత ఆమె గడప మీద కూర్చొని, చాలాసేపు ఊరక ఉండి, “అయ్యగారూ, ఆ రోజుల్లో నేను ఫోనులో మాట్లాడుతుంటే వెనకాల ఆయన దగ్గు మీకు వినబడలేదా?” అని అడిగింది.

“వినబడిందమ్మా” అన్నాము.

ఆమె లేచి, మజ్జిగ తెచ్చుటకు లోపలికి వెళ్ళింది.