ముందుచూపు సరే... వెనకచూపో?

బండి కొనగానే అందరి దృష్టీ హెడ్‌లైట్ల మీదే. ఫాగ్ ల్యాంపులూ టాపు మీద లైటు బార్లూ... ముందంతా పట్టపగలే! వెనక్కి చూస్తే మాత్రం చిమ్మచీకటి. జీపుల్లాంటి ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకు అదనపు రివర్సు లైట్లు ఎందుకు కావాలి? వాటి వైరింగు ఎలా ఉండాలి, ఎలా ఉండకూడదు?

రాత్రి ఎనిమిదింటికి మామిడితోట నుంచి బయల్దేరారు. సగం దారిలో ఎదురుగా లోడుతో ట్రాక్టరు. బాట చూస్తే ఒక బండికే సరిపోతుంది. ఓ పక్క కాల్వ, మరో పక్క ముళ్లకంచె. ఇక వెనక్కి పోవాల్సింది మీరే. రివర్సు గేరు వేసి అద్దంలోకి చూస్తే... రెండు మసక మచ్చలు! కాల్వగట్టు ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

చాలా బండ్లలో కంపెనీ ఇచ్చే రివర్సు బల్బు 21 వాట్లది. అదే హెడ్‌లైటు హాలోజన్ బల్బయితే 55 నుంచి 60 వాట్లు. పైగా రివర్సు లైటుకు హెడ్‌లైటుకు ఉన్నంత రిఫ్లెక్టరూ ఉండదు. 'బండి వెనక్కి వస్తోంది, జాగ్రత్త' అని పక్కవాళ్లకు చెప్పడం, దగ్గర్లో కాస్త వెలుగివ్వడం... దాని పని అంతవరకే. వీధి దీపాలున్న ఊళ్లో అది చాలు. అడవి దారిలో, పొలం గట్టున చాలదు.

ఎత్తు ఎక్కువ... చూపు తక్కువ

మామూలు కార్లకంటే ఈ బండ్లకే ఈ బాధ ఎందుకు ఎక్కువంటే... అవి ఎత్తుగా ఉంటాయి. వెనక అద్దం చిన్నది. దానికి అడ్డంగా తలుపు మీద స్టెప్నీ. లోపల సామాన్లుంటే ఇక చెప్పనే అక్కర్లేదు. బంపరు వెనకే నిలబడిన పసిపిల్లాడు డ్రైవరుకు ఏ అద్దంలోనూ కనిపించకపోవచ్చు.

ఇంకో కారణం, ఈ బండ్లు తిరిగే చోటు. మారేడుమిల్లి, పాడేరు, అరకు వైపు ఘాట్ రోడ్డు దిగి మట్టిదారి పట్టాక, ఏటవాలు ఎక్కుతుండగా బండి మధ్యలో ఆగిపోయిందనుకోండి. అక్కడే పక్కకు తిప్పబోతే బోల్తా పడే ప్రమాదం ఉంది. కొండదారుల్లో నడిపేవాళ్లు పాటించే సూత్రం ఒకటే... స్టీరింగు తిన్నగా ఉంచి, రివర్సు గేరులోనే ఇంజిను పట్టుతో నెమ్మదిగా కిందికి దిగిపోవడం. పగలయితే సరే. రాత్రయితే? ఆ కాసేపూ ప్రాణాలు వెనక లైటు మీద ఆధారపడినట్లే.

ఓ చిన్నారి పేరు మీద చట్టం

ఇది అడవులకూ కొండలకూ పరిమితమైన గొడవ కాదు. ఇంటి గేటు ముందూ అంతే. 2002లో అమెరికాలోని లాంగ్ ఐలాండ్‌లో ఓ పిల్లల వైద్యుడు రాత్రివేళ తన ఎస్‌యూవీని ఇంటి ముందు వెనక్కి తీస్తున్నాడు. అద్దాల్లో చూసుకుంటూనే ఉన్నాడు. రెండేళ్ల కొడుకు కామెరాన్ ఎప్పుడు బయటికొచ్చాడో కనిపించలేదు. ఆ చిన్నారి చక్రాల కింద పడి చనిపోయాడు. ఆ తండ్రి, మరికొందరు తల్లిదండ్రులు ఏళ్ల తరబడి పోరాడితే 2008లో కామెరాన్ గుల్‌బ్రాన్సెన్ పేరుతోనే చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2018 మే నుంచి అక్కడ ప్రతి కొత్త కారుకూ వెనక కెమెరా తప్పనిసరి అయింది.

ఆ నిబంధన తెచ్చినప్పుడు అమెరికా రహదారి భద్రతా సంస్థ చెప్పిన లెక్క ప్రకారం... వెనక్కి వచ్చే బండ్ల కింద పడి అక్కడ ఏటా సగటున 210 మంది చనిపోతున్నారు. వారిలో 31 శాతం అయిదేళ్లలోపు పిల్లలు. 26 శాతం డెబ్భై దాటిన పెద్దవాళ్లు. అంటే మనవడూ తాతయ్యా!

మన దేశంలోనూ 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు రివర్సు సెన్సర్లు తప్పనిసరి చేశారు. కానీ అంతకుముందు కొన్న బొలేరోలూ జిప్సీలూ పాత థార్‌లూ ఇంకా లక్షణంగా తిరుగుతున్నాయి. కెమెరా ఉన్నా, చీకట్లో అది చూపించేదంతా రివర్సు లైటు వెలుగులోనేగా!

ఆ ఒక్క తీగ మీద అంత బరువా?

సరే, రెండు లైట్లు కొన్నారు. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లారు. కొందరు చేసే పని ఏమిటంటే... ఉన్న రివర్సు లైటు వైరును కాస్త గీకి, కొత్త లైట్ల వైరు దానికే మెలిపెట్టి, పైన టేపు చుట్టడం. పది నిమిషాల్లో పని పూర్తి. లైట్లు వెలుగుతాయి కూడా. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

చిన్న లెక్క చూడండి. కంపెనీ బల్బులు రెండూ కలిపి 42 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అవి తీసుకునేది మూడున్నర ఆంపియర్లు. గేర్‌బాక్సు మీదుండే రివర్సు స్విచ్చీ, అక్కణ్నుంచి వెనక్కి వెళ్లే సన్నటి వైరూ ఆ మాత్రానికే సరిపోయేలా ఉంటాయి. వాటికి 55 వాట్ల హాలోజన్లు మరో రెండు తగిలిస్తే ఇంకో తొమ్మిది ఆంపియర్లు. మొత్తం పన్నెండు దాటుతుంది.

అప్పుడు ఫ్యూజు పోతుంది. అది మంచిదే, దాని పని అదే. కానీ 'ఊరికే పోతోంద'ని ఇంకా పెద్ద ఫ్యూజు వేస్తే? ఫ్యూజు ఉండేది లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. పెద్ద ఫ్యూజు వేసిన సన్న వైరు లోపల్లోపల వేడెక్కుతుంది. పైతొడుగు కరిగి పక్కనున్న వైర్లకు అంటుకుంటే మంటలే. అదృష్టం బాగుండి అక్కడిదాకా రాకపోయినా, గేర్‌బాక్సు స్విచ్చి పాయింట్లు కాలిపోతాయి. అప్పుడు కొత్త లైట్లే కాదు, ఉన్నవీ వెలగవు.

ఇంత చేసినా వెలుగు వస్తుందా అంటే అదీ పూర్తిగా రాదు. అర చదరపు మిల్లీమీటరు వైరులో అయిదు మీటర్ల దూరం తొమ్మిది ఆంపియర్లు వెళ్తే దారిలోనే ఒకటిన్నర వోల్టుల దాకా పోతుంది. హాలోజన్ బల్బుకు అంత తగ్గితే దాదాపు మూడో వంతు వెలుగు మాయం! అదే రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరయితే పోయేది వోల్టులో మూడో వంతే.

పెత్తనం రిలేది

మరేం చేయాలి? పొలంలో బోరు మోటారును ఎలా ఆన్ చేస్తాం? స్టార్టరు పెట్టెలో చిన్న బటన్ నొక్కుతాం. ఆ కాస్త కరెంటుతో లోపలి కాయిల్ అయస్కాంతమై పెద్ద పాయింట్లను కలుపుతుంది. మోటారుకు వెళ్లే కరెంటు మన బటన్ గుండా పోదు. బండిలో ఆ పని చేసేదే రిలే. అగ్గిపెట్టె కంటే చిన్నది, ఖరీదూ తక్కువే.

దాని కాళ్ల మీద అంకెలుంటాయి... 30, 85, 86, 87. బ్యాటరీ ప్లస్ నుంచి లావు వైరు ఫ్యూజు మీదుగా 30కి రావాలి. ఆ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఎక్కడో వెనక పెడితే, మధ్యలో వైరు ఒరుసుకుని బాడీకి తగిలినప్పుడు ఆపే దిక్కుండదు. 87 నుంచి కొత్త లైట్లకు. లైట్ల రెండో కొస, రంగు గీకిన శుభ్రమైన ఇనుము మీద ఎర్తుకు. ఇక 86కి పాత రివర్సు లైటు వైరు, 85కి ఎర్తు. రివర్సు గేరు పడగానే కాయిల్‌కు వెళ్లేది సుమారు 0.15 ఆంపియరే. పాత వైరుకు ఆ బరువు లెక్కలోకే రాదు.

రెండు 55 వాట్ల హాలోజన్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు, రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు సరిపోతాయి. 18 వాట్ల ఎల్‌ఈడీలు రెండయితే మూడు ఆంపియర్లే. 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. అయినా రిలే మానొద్దు.

కొత్త బండ్లలో లైట్లను కంప్యూటరే నడిపిస్తుంది. లోడు కాస్త తేడా వచ్చినా డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక వెలగొచ్చు. కాయిల్ ఆగిన క్షణంలో ఎదురొచ్చే వోల్టేజీ దాని సున్నితమైన భాగాలకు మంచిది కాదు. అందుకే డయోడ్ ఉన్న రిలే వాడాలి. అందులో 86కి ప్లస్, 85కి ఎర్తు... తారుమారు కాకూడదు. వారంటీలో ఉన్న బండి వైరు కోసేముందు సర్వీసు కేంద్రంలో అడగడం తప్పనిసరి.

మూడు దారుల స్విచ్చి

అడవిలో గుడారం వేసినప్పుడో, టైరు మార్చేటప్పుడో గేరుతో పనిలేకుండా ఈ లైట్లు కావాలనిపిస్తుంది. దానికి విడిగా ఓ స్విచ్చి నుంచి నేరుగా 86కి వైరు కలిపేస్తే చిక్కే. ఆ కరెంటు పాత రివర్సు వైరులోకి ఎదురెక్కి కంపెనీ లైట్లనూ కెమెరానూ కూడా ఆన్ చేస్తుంది.

మధ్యలో ఆఫ్ ఉండే మూడు దారుల స్విచ్చి వాడితే ఆ గొడవ ఉండదు. మధ్య కాలు రిలే 86కి. ఓ పక్క రివర్సు వైరు, రెండో పక్క తాళం తిప్పితేనే కరెంటు వచ్చే వైరు, దానికో చిన్న ఫ్యూజు. రెండు దారులూ ఎప్పటికీ కలవవు. తాళం తీస్తే లైట్లు ఆరిపోతాయి కాబట్టి బ్యాటరీ దిగిపోయే భయమూ లేదు. వెలుగుతున్నట్లు తెలియడానికి డ్యాష్‌బోర్డులో చిన్న బల్బు ఉండాలి. లేదంటే వెనకొచ్చేవాళ్ల కళ్లు బైర్లు కమ్ముతున్నా మనకు తెలియదు.

ఎక్కడ బిగించాలి?

వెనక్కి వెళ్లేది నెమ్మదిగానే. కాబట్టి దూరం కొట్టే స్పాట్ లైట్లు వద్దు. వెడల్పుగా పరచుకునే ఫ్లడ్ లైట్లే మేలు. కాస్త కిందికి వంచితే మొదటి పది మీటర్లూ స్పష్టంగా కనిపిస్తాయి. బంపరు కింద వేలాడదీస్తే మొదటి గుంతలోనే రాయి తగిలి పగులుతుంది. కెమెరాకు మరీ దగ్గరగా పెడితే బొమ్మ తెల్లబారిపోతుంది.

వైరు సైలెన్సరుకూ తిరిగే షాఫ్టుకూ దూరంగా, ముడతల గొట్టంలో వెళ్లాలి. ఇనుప రేకులోంచి దూరే ప్రతిచోటా రబ్బరు బుష్ ఉండాలి. వాగులు దాటే బండయితే జాయింట్లన్నీ వీలైనంత ఎత్తులో, నీరు దూరకుండా ఉండాలి. వేడి మీదున్న హాలోజన్ గాజు చన్నీళ్లు తగిలితే పగలొచ్చు. నీళ్లలోకి దిగే బండ్లకు ఎల్‌ఈడీలు నయం. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయడం మరవొద్దు.

చట్టం ఏమంటోంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు-1989లోని 108వ నిబంధన ప్రకారం బండి వెనకవైపు ఎరుపు తప్ప మరో రంగు లైటు కనిపించకూడదు. నంబరు ప్లేటు మీద పడే తెల్లలైటుకూ, రివర్సులో వెలిగే తెల్లలైటుకూ అందులో మినహాయింపు ఉంది. అంటే ముందుకు వెళ్తుండగా రోడ్డు మీద ఈ లైట్లు వెలగడం తప్పు. మూడు దారుల స్విచ్చిని రోడ్డు మీద 'రివర్సు' వైపో, 'ఆఫ్'లోనో ఉంచాలి. మిగతాది బండి ఆగినప్పుడే.

తెల్లలైటు కనిపిస్తే...

ఎంత లైటు పెట్టినా బంపరు వెనకున్న గుడ్డిచోటు మాయం కాదు. అందుకే ఇంట్లో ఈ నాలుగూ అలవాటు చేసుకోండి.

* బండి ఎక్కేముందు ఓసారి చుట్టూ తిరిగి చూడండి. సెల్లార్‌లో అయినా సరే.

* చిన్నపిల్లలుంటే, బండి గేటు దాటేవరకూ ఒకరు వాళ్ల చెయ్యి పట్టుకుని నిలబడాలి. 'లోపలే ఉన్నార్లే' అనుకోవద్దు.

* 'బండి వెనక తెల్లలైటు వెలిగిందంటే అది మనవైపే వస్తోంది, పక్కకు పరుగెత్తాలి' అని పిల్లలకు నేర్పండి.

* నెలకోసారి రివర్సు గేరు వేసి, బ్రేకు మీదే కాలుంచి, లైట్లన్నీ వెలుగుతున్నాయో లేదో ఇంట్లో ఎవరినైనా పక్కన నిలబడి చూడమనండి. సరిగ్గా వెనక మాత్రం ఎవరినీ నిలబెట్టొద్దు.