జనరేటరును ఇంటి కరెంటుకు కలపడం ఎలా?



బేగంబజార్ సందుల్లో తిరిగిన వారికి జనరేటరు చప్పుడు కొత్త కాదు. 2012, 2013 వేసవుల్లో ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు ఎక్కువైనప్పుడు చాలా దుకాణాలకు అదే దిక్కయింది. ఇప్పుడు కోతలు తగ్గినా గాలివాన వచ్చినా, పెళ్ళి జరిగినా, మన వార్షికోత్సవం వంటి సభ జరిగినా జనరేటరు కావలసిందే. అయితే దానిని ఇంటి వైరింగుకు కలపడంలో చేసే ఒక్క తప్పు ఎవరి ప్రాణం తీస్తుందో మనలో చాలామందికి తెలియదు.

కొందరు రెండు కొసలా పిన్నులున్న వైరు తయారుచేసి, ఒక కొస జనరేటరులో, రెండో కొస గోడకున్న సాకెట్టులో పెడతారు. మెయిన్ ఆపడం మరిచిపోతే జనరేటరు కరెంటు మీటరు దాటి వీధి లైనులోకి పోతుంది. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను తగ్గించి మనకిస్తుంది. కానీ అది రెండు వైపులా పనిచేస్తుంది. ఇటునుంచి 230 వోల్టులు వెళితే అటువైపు వేల వోల్టులు పుడతాయి. లైనులో కరెంటు లేదనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ దానికి బలవుతాడు. పైగా సాకెట్టు నుండి ఊడిన పిన్ను ముట్టుకున్నా షాకు కొడుతుంది. అసలు కరెంటు హఠాత్తుగా వస్తే జనరేటరు కాలిపోతుంది.

"మెయిన్ ఆపితే చాలు కదా?" అని అడగవచ్చు. చీకట్లో, హడావుడిలో మనిషి మరిచిపోతాడు. చేంజోవర్ స్విచ్ మరిచిపోదు. దీనిని మీటరుకు, ఇంటి బోర్డుకు మధ్య బిగిస్తారు. హ్యాండిల్ ఒకవైపు తిప్పితే లైను కరెంటు, మరోవైపు తిప్పితే జనరేటరు, మధ్యలో ఆఫ్. రెండూ ఒకేసారి కలవడం సాధ్యం కాదు. సింగిల్ ఫేజుకు ఫేజు, న్యూట్రల్ రెండింటినీ మార్చే రెండు పోళ్ళది, త్రీ ఫేజుకు నాలుగు పోళ్ళది కావాలి. బేగంబజార్‌కు దగ్గరలోని ట్రూప్‌బజార్ ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరుకుతుంది. బిగించే పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌దే.

లోడు కూడా లెక్క చూసుకోవాలి. 1 కె.వి.ఏ. జనరేటరు సుమారు 800 వాట్లు ఇస్తుంది. 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, 40 వాట్ల ట్యూబ్‌లైట్లు నాలుగు కలిపి 460 వాట్లు. ఇంతవరకు ఫరవాలేదు. కానీ అర హెచ్.పి. నీళ్ళ మోటారు నడిచేటప్పుడు తీసుకునే కరెంటుకు అయిదారు రెట్లు స్టార్టయ్యేటప్పుడు లాగుతుంది. కనుక దానిని దీనిపై వేయరాదు.

ముందు జనరేటరు స్టార్టు చేసి, వేగం కుదిరాక స్విచ్ తిప్పాలి. జనరేటరు బాడీకి ఎర్తింగు తప్పనిసరి. దానిని గదిలో, మెట్ల కింద పెట్టరాదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే చంపుతుంది.

మనలాంటి హాస్టళ్ళలో చదివి, ఐ.టి.ఐ. చేసి, లైన్‌మెన్లయిన అన్నలు ఎందరో ఉన్నారు. మనం ఇంట్లో బిగించే ఒక స్విచ్ స్తంభంపైనున్న వారిని కాపాడుతుంది. ఊరికి వెళ్ళినప్పుడు ఈ మాట నలుగురికీ చెబుదాం.