చిన్న పనికే రొద పెట్టే ల్యాప్‌టాప్: లోపం ఎక్కడ?

తెరపై ఉన్నది పహణీ నకలో, పిల్లల పాఠమో మాత్రమే. అయినా ల్యాప్‌టాప్ పిండిమరలా రొద చేస్తుంది, అడుగుభాగం ఒడిలో పెట్టుకోలేనంతగా కాలుతుంది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లాలో ఇది వింత కాదు. చాలా ల్యాప్‌టాప్‌లను పరిసరాల వేడి 35 డిగ్రీల సెల్సియస్ దాటని చోట వాడాలని తయారీదారులు నిర్దేశిస్తారు. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. లోపలి ఫ్యాను గదిలోని గాలినే పీల్చి వదులుతుంది గనుక, ఆ గాలికన్నా చల్లగా యంత్రాన్ని ఉంచడం దానికి సాధ్యం కాదు.

అయితే నేరమంతా ఎండదే అనుకోవడం పొరపాటు. తెల్లవారుజామున కూడా అదే రొద వినిపిస్తే లోపం యంత్రంలోనే వెతకాలి. ప్రాసెసర్‌కు నిజంగా పని ఎక్కువైందా, లేక పని తక్కువే అయినా వేడి బయటికి పోవడం లేదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఇది తేలకుండా మరమ్మతుకు ఇస్తే డబ్బు వృథా కావచ్చు.

విండోస్ ఉన్న యంత్రంలో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ అన్న శీర్షికపై నొక్కితే అధికంగా శ్రమ పెట్టే ప్రోగ్రాము పైకి వస్తుంది. యంత్రం వెలిగించిన తొలి పది పదిహేను నిమిషాలు అప్‌డేట్ల వల్ల అంకె పెరగడం సహజం. ఆ తరువాతా, ఏ పనీ చేయకున్నా, 50 శాతం పైనే నిలిస్తే లోపల ఏదో దొంగచాటుగా నడుస్తున్నట్లే. బ్రౌజరులో తెరిచి మరచిన పేజీలు, ఒకటికి రెండు యాంటీవైరస్‌లు, ఉచితమని ఎక్కించుకున్న దొంగ సాఫ్ట్‌వేరు సాధారణ దోషులు. వాటిని తొలగిస్తే ఖర్చు లేకుండానే రొద తగ్గుతుంది.

అంకె ఐదు పది శాతమే ఉండి ఫ్యాను హోరెత్తుతున్నదంటే గాలి దారిని అనుమానించాలి. పత్తి నూగు, వరి నూర్పిళ్ల ధూళి ఎగిరే ఊళ్లలో ఈ అనుమానం చాలాసార్లు నిజమవుతుంది. ప్రాసెసర్ వేడిని రాగి గొట్టం పలుచని రేకుల దాకా చేరుస్తుంది, ఫ్యాను వాటి సందుల గుండా గాలిని నెడుతుంది. ఆ సందుల్లో నూగు చేరి కంబళిలా అల్లుకుంటే ఫ్యాను ఎంత తిరిగినా ఫలితం శూన్యం. గాలి వెలువడే కిటికీ వద్ద చేయి పెట్టి చూడాలి. రొద ఎక్కువై గాలి తక్కువైతే దుమ్ము పట్టినట్లు. గాలి బాగానే వచ్చి, చల్లగా ఉండి, యంత్రం మాత్రం కాలుతుంటే ప్రాసెసర్‌పై పూసే థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు. గరగరమని రాపిడి శబ్దం వస్తే ఫ్యాను అరిగినట్లు, దానిని మార్చవలసిందే.

దుమ్ము దులిపే ముందు యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జరు తీయాలి. మెత్తని కుంచె, చేతి బ్లోయరు చాలు. పంక్చరు దుకాణపు కంప్రెసరు గాలి పట్టించడం కొందరి అలవాటు. అందులోని తేమ, ఒత్తిడి ఫ్యానును పాడుచేయగలవు. వారంటీ ఉన్న యంత్రాన్ని ఇంట్లో విప్పకుండా సర్వీసు కేంద్రానికే ఇవ్వడం మేలు.

వాడే చోటునూ చూడాలి. పరుపు, నవారు మంచం, దుప్పటి అడుగు రంధ్రాలను మూసివేస్తాయి. చెక్కపలక మీద, వెనుకభాగం కొంచెం ఎత్తుగా ఉంచితే గాలి ఆడుతుంది. కూలరు ఎదుటనే పెడితే చల్లదనంతో పాటు తేమా లోపలికి పోతుంది, కాస్త పక్కకు ఉంచాలి.

మూత సరిగా పడకపోయినా, టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా అది దుమ్ము సమస్య కాదు, బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. అలాంటి బ్యాటరీ నిప్పంటుకునే ప్రమాదం ఉంది. వెంటనే ఛార్జింగ్ ఆపి, యంత్రాన్ని పిల్లలకు, పడకలకు దూరంగా ఉంచి, నొక్కక, గుచ్చక మెకానిక్‌కు చూపించాలి.