దసరాకి సముద్రం, తిరుగు బండికి ఏడుపు

ఆయుధపూజ నాడు మధ్యాహ్నానికల్లా మిషన్లు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, బొరుగులు పంచేస్తారు. ఆ రోజు చేతికొచ్చిన బోనస్ కొంత అప్పుకి పోతుంది, కొంత పిల్లల బట్టలకి పోతుంది. మిగిలింది సముద్రానికి. ఏడాది పొడుగూతా చీటీ కట్టుకున్న పది ఇళ్లవాళ్లు కలిసి బండి మాట్లాడుకుని, చిత్రాన్నం మూట, చట్నీపొడి డబ్బా, నిప్పట్లు పెట్టుకుని రాత్రికి బయలుదేరతారు. చిక్కబళ్లాపురం, చింతామణి, బాగేపల్లి వైపు మన ఇళ్లల్లో ఇది ఇప్పుడు దసరాలో ఒక భాగమే అయిపోయింది.

ఇందులో ఒక వింత ఉంది. మన నీళ్లన్నీ తూర్పుకి పోతాయి. నంది కొండల దగ్గర పుట్టిన ఉత్తర పినాకిని, అదే పెన్న, నెల్లూరు జిల్లాలో ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. దక్షిణ పినాకిని కడలూరు దగ్గర కలుస్తుంది. పాలారు కూడా మన వైపు పుట్టి తమిళనాడులో వయలూరు దాకా పోతుంది. బాగేపల్లి చిత్రావతి పోయి పెన్నలో పడుతుంది. మనం మాత్రం పడమటికి పోతాం. దసరా నాటికి తూర్పు తీరంలో ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి, వాయుగుండాల కాలం. పడమర అప్పటికి వానలు తగ్గుముఖం పడతాయి. జూన్, జూలైల్లో ఉండే చేపలవేట నిషేధం ముగిసి పడవలు తిరుగుతుంటాయి. మల్పె రేవులో బంగుడె, భూతాయి చేపలు కుప్పలు పోసి ఉంటాయి. ఎక్కువమంది ఉడుపి, మల్పె, మురుడేశ్వరం, గోకర్ణం చూసి వస్తారు. బండి ఖర్చు వద్దనుకునేవాళ్లకి బెంగళూరు నుంచి పంచగంగ ఎక్స్‌ప్రెస్ ఉంది. రాత్రి ఎక్కితే సకలేశపుర ఘాట్‌లో సొరంగాలన్నీ నిద్రలోనే దాటేస్తాం.

మురుడేశ్వరంలో 123 అడుగుల శివుణ్ణి చూసి పెద్దవాళ్లు దండం పెట్టుకునేలోగా పిల్లలు చెప్పులు వదిలేసి నీళ్లల్లో ఉంటారు. అది చూడవలసిందే. మన ఊళ్లల్లో బోర్లు వెయ్యి అడుగులు దాటిపోయినాయి. వచ్చిన నీళ్లల్లోనూ ఫ్లోరైడు. ట్యాంకరు వచ్చిందంటే బిందెల లెక్క, మాటా మాటా. అట్లాంటి చోట పెరిగిన పిల్లోడికి, ఎంత తోడినా తరగని నీళ్లు, ఎవరూ లెక్క అడగని నీళ్లు కళ్లముందు పెడితే వాడు బయటికి ఎందుకు వస్తాడు?

రేష్మె నూలు తీసే ఆడవాళ్ల సంగతి వేరే. రోజంతా వాళ్ల చేతులు వేణ్ణీళ్లల్లోనే ఉంటాయి. గూళ్లు ఉడికిన వాసన చీరనీ జుట్టునీ వదలదు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఉంటుంది కాబట్టి ఉప్పునీళ్లు తగలగానే మొదట చుర్రుమంటుంది. అయినా మోకాళ్ల దాకా దిగి నిలబడతారు. మల్లోసారి ఆ చేతులు పొయ్యి ముట్టించేది ఇంటికి వచ్చాకే. ఉడుపి మఠంలో కూర్చున్న చోటికే భోజనం వస్తుంది. ముద్ద కెలికే పని లేదు, అంట్లు లేవు. ‘పిల్లలు రామంటున్నారు, ఇంకొక్క రోజు ఉందాం’ అని ఆడవాళ్లు అన్నప్పుడు, రానంటున్నది పిల్లలేనా అని మగవాళ్లు కాస్త ఆలోచించాలి.

ఆ ఒక్క రోజుకి ఖరీదు ఉంది. ఒక రోజు కూలి పోతుంది, దానితోపాటు ఆ నెల అటెండెన్స్ బోనస్ కూడా పోవచ్చు. అందుకే చాలామంది ఆఖరి సాయంత్రం దాకా నీళ్లల్లో ఉండి, రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లారి దిగి నేరుగా మొదటి షిఫ్టుకి పోతారు. ఇది మంచిది కాదు. నిద్ర లేని కళ్లతో తిరిగే మిషను ముందు, మరిగే నీళ్ల ముందు నిలబడడం ఎట్లాంటిదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

సెలవు హక్కు మనకి కొత్తది కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పని చేసినవాళ్లకి, మరుసటి ఏడాది ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు ఇచ్చింది. అంటే తక్కువలో తక్కువ 12 రోజులు. 15 రోజుల ముందు రాసి ఇవ్వాలని కూడా అందులోనే ఉండేది. 2020లో పార్లమెంటు ఆమోదించిన కొత్త కోడ్ ఆ 240ని 180 చేసింది. చిక్కు ఎక్కడంటే, కరెంటుతో నడిచే చోట పదిమంది కూడా లేని చిన్న షెడ్లు ఆ 1948 చట్టం కిందికి వచ్చేవి కావు. మన రేష్మె పని ఎక్కువగా అట్లాంటి షెడ్లల్లోనే జరుగుతుంది. అక్కడ యజమానితో ముందే మాట్లాడుకోవడం తప్ప దారి లేదు. పెద్ద మిల్లుల్లో ఉన్నవాళ్లు మాత్రం దసరాకి అడిగే సెలవులో, దిగివచ్చిన మరుసటి రోజుని కూడా కలిపి రాయించుకోండి.

ఇంకో మాట చెప్పక తప్పదు. 2024 డిసెంబరులో మన పక్కనే ముళబాగిలు తాలూకా నుంచి విహారయాత్రకి పోయిన స్కూలు పిల్లల్లో నలుగురు అమ్మాయిలు మురుడేశ్వరం సముద్రంలో కొట్టుకుపోయి చనిపోయారు. ఎండిన చెరువుల పక్కన పెరిగే మన పిల్లలకి ఈత ఎక్కడ వస్తుంది? ఎర్ర జెండా కట్టిన చోట దిగొద్దు. మోకాలు దాటి పోనివ్వొద్దు. అల వెనక్కి పోయేటప్పుడు కాళ్లకింద ఇసుకని లాగేస్తుంది, మనిషిని పడేసేది అదే. నీళ్లు లోపలికి లాగితే ఒడ్డుకి ఎదురీదకుండా పక్కకి, ఒడ్డు వెంబడి ఈదాలి, చెయ్యెత్తి అరవాలి. చీకటి పడేముందు ‘ఇంకొక్క అల, అమ్మా’ అని పిల్లలు బతిమాలేదీ, పెద్దల చూపు సామాను వైపు మళ్లేదీ ఒకే సమయంలో. మూట కట్టే పని ఒకరికి, పిల్లల్ని లెక్కపెట్టే పని ఇంకొకరికి అప్పజెప్పండి.

తిరుగు బండిలో మొదటి గంట ఎవరూ మాట్లాడరు. డ్రైవరు పాట పెడితే ఎవరో ఒకరు ఆపమంటారు. ఘాట్ ఎక్కేసరికి పిల్లలు తడి బట్టలతోనే నిద్రపోయి ఉంటారు. నీళ్లసీసాలో సముద్రాన్ని నింపుకుని తెచ్చేవాడు ప్రతి బండిలో ఒకడు ఉంటాడు. ఆ సీసా కిటికీ మీద వారం రోజులుంటుంది. జేబుల్లో ఇసుక మాత్రం ఎన్ని ఉతుకులకీ పోదు. దీపావళి అయిన మరుసటి ఆదివారం చీటీ మళ్లీ మొదలవుతుంది, మొదటి కంతు ఎప్పుడూ ఆడవాళ్లే ముందుగా తెచ్చి ఇస్తారు.