ఒక్క ఏడాది గెలిచిన జట్టు

పోయిన ఆగస్టులో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ బయటికి వస్తుండగా మా అన్నయ్య మనవడు కుంటుకుంటూ వచ్చి నా ప్రక్కన బెంచీ మీద కూర్చున్నాడు. తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం. శుక్రవారం సాయంత్రం రింగు క్రింద ఎగిరి దిగేటప్పుడు చీలమండ మడతపడింది. పాదం బూటులో పట్టనంతగా వాచి ఉంది. బుధవారం స్కూళ్ళ పోటీ.

"తాతా, నొప్పి తెలియకుండా సూది వేస్తారంట గదా. వేయించుకొని ఆడితే ఏమైద్ది?" అని అడిగాడు.

"ఒక్క ఆట మానుకుంటే ఏమైద్దబ్బయా?" అన్నాను.

"నేను లేకుంటే మావాళ్ళు ఓడిపోతారు."

వాళ్ళమ్మ నా ముఖం వైపు చూసింది. పెద్దవాణ్ణి గనుక గట్టిగా కాదని చెబుతానని ఆమె ఆశ. పదునాలుగేళ్ళ పిల్లవాడికి కాదని చెబితే అది వాడి చెవిలో ఎంతసేపు ఉంటుందో పిల్లల్ని పెంచినవారికి తెలుసు. అందుకని ఆ మధ్యాహ్నం వాణ్ణి ఇంటికి తీసుకొనిపోయి, కాలు దిండు మీద పెట్టించి, బిల్ వాల్టన్ అనే ఆటగాడి సంగతి చెప్పాను. ఆటలాడే పిల్లలు మన కుటుంబాలలో చాలామంది ఉన్నారు గనుక అదే ఇక్కడ వ్రాస్తున్నాను.

ఇది 1977 నాటి మాట. అప్పుడు నేను గూడూరు జంక్షన్‌లో రైల్వే ఉద్యోగంలో కొత్తగా చేరిన కుర్రవాణ్ణి. డ్యూటీ లేని సాయంత్రాలు బంతి పట్టుకొని రింగు క్రిందికి పోయేవాణ్ణి. ఆ వేసవిలో మన ఊళ్ళలో ఎవరి నోట విన్నా 'అడవి రాముడు' సినిమా మాటే. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటను జీతానికి ఆడే జట్లు ఉన్నాయనీ, ఆ ఏడు ఒక చిన్న ఊరి జట్టు అందరినీ ఆశ్చర్యపరచిందనీ మాకేం తెలుసు? ఏడాది గడిచిన తరువాత మద్రాసు సెంట్రల్ ప్రక్కనున్న మూర్ మార్కెట్టులో పాత పుస్తకాలు తిరగేస్తుంటే అమెరికా ఆటల పత్రికలు కొన్ని దొరికాయి. వాటిలో చదివాను. ఆ మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. నా పత్రికలు చెదలు తిన్నాయి. ఇప్పుడైతే ఆ ఆటలన్నీ మనవడి సెల్‌ఫోనులోనే కనబడుతున్నాయి.

జట్టు సంగతికి ముందు ఆట పుట్టుక కొంచెం చెప్పాలి. ఈ ఆట వై.ఎం.సి.ఎ. వారి ఇంట పుట్టింది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే ఉపాధ్యాయుడు దీనిని కల్పించాడు. ఆయన కెనడా దేశస్థుడు, వేదాంత విద్య చదివినవాడు. బయట చలికాలం. లోపల 18 మంది కుర్రవాళ్ళు విసుగెత్తి, ఒకరినొకరు తోసుకుంటూ ఉన్నారు. దెబ్బలు తగలకుండా నాలుగు గోడల మధ్య ఆడే ఆట ఒకటి తయారుచెయ్యమని పైవారు ఆయనకు చెప్పారు. పీచు పండ్ల బుట్టలు రెండు తెచ్చి పది అడుగుల ఎత్తున మేకులతో కొట్టించి, 13 నియమాలు వ్రాసి గోడకు అంటించాడు. ఈనాటికీ రింగు ఎత్తు ఆ పది అడుగులే.

ఆ నియమాలలో నాకు మొదటి నుంచీ నచ్చినది ఒకటుంది. బంతి చేతిలో ఉన్నవాడు దానితో పరుగెత్తకూడదు. పట్టుకొన్న చోటి నుంచే ఇంకొకరికి వెయ్యాలి. బంతితో పరుగెత్తితేనే గదా మిగిలినవాళ్ళు మీదపడి లాగేది! బంతిని నేలకు కొడుతూ పోవడం తరువాత వచ్చింది. మొదటి రోజు ఆట అంటే బంతిని ఇంకొకరి చేతికి అందించడమే. భుజంతో తోయడం, పట్టుకోవడం, కాలడ్డం పెట్టడం, కొట్టడం కూడదని ఇంకొక నియమంలో వ్రాశాడు.

మన వైపుకు ఈ ఆట బాగా పాకడానికి కూడా వై.ఎం.సి.ఎ. వారే కారణం. హ్యారీ క్రో బక్ అనే అమెరికా దేశస్థుడు 1920లో మద్రాసులో వ్యాయామ విద్యాలయం స్థాపించాడు. దక్షిణాదిలో ఎందరో డ్రిల్లు మాస్టర్లు అక్కడ తర్ఫీదు పొంది వచ్చినవారే.

ఇక పోర్ట్‌లాండ్. అమెరికా వాయవ్య మూలన ఓరిగన్ రాష్ట్రంలో ఒక ఊరు. అక్కడి ట్రెయిల్ బ్లేజర్స్ జట్టు 1970లో పుట్టింది. ఆరేళ్ళలో ఒక్క సీజనులోనూ ఓటములకంటె గెలుపులు ఎక్కువ లేవు. 1974లో కాలేజీ ఆటగాళ్ళలో మొదటి ఎంపికగా బిల్ వాల్టన్‌ను తెచ్చుకొన్నారు. దాదాపు ఏడడుగుల మనిషి, ఎర్రజుట్టు, శాకాహారి, సైకిలు మీద తిరిగేవాడు. నత్తి వల్ల నలుగురిలో మాట్లాడలేకపోయేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆ నత్తిని జయించి, తరువాత టెలివిజన్‌లో వ్యాఖ్యాతగా పేరు తెచ్చుకొన్నాడంటే మా మనవడు నమ్మలేదు.

కాలేజీలో అతని గురువు జాన్ వుడెన్. ఆ గురువుగారు ఏటా మొదటి రోజు ఆటగాళ్ళకు నేర్పే పాఠం ఏమిటో తెలుసా? సాక్సు తొడుక్కోవడం! ముడత ఉంటే బొబ్బ లేస్తుంది, బొబ్బ లేస్తే ఆడలేరు అని, వేళ్ళ దగ్గర, మడమ దగ్గర చేతితో సవరించి చూపేవాడు. దేశంలోకెల్ల గొప్ప ఆటగాళ్ళు నేలమీద కూర్చొని సాక్సు వేసుకోవడం నేర్చుకొనేవారు. ఇది విని మావాడు పకపక నవ్వాడు.

పోర్ట్‌లాండ్‌లో మొదటి రెండేళ్ళూ వాల్టన్‌కు దెబ్బలే. 1976లో రెండు సంగతులు జరిగాయి. జాక్ రామ్సే అనే కోచ్ వచ్చాడు. విద్యాశాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాడు గనుక డాక్టర్ జాక్ అనేవారు. అదే ఏడు ఎ.బి.ఎ. అనే పోటీ లీగు మూతపడింది. అందులోని నాలుగు జట్లు ఎన్.బి.ఎ.లో చేరాయి, మూతపడిన జట్ల ఆటగాళ్ళను అందరూ పంచుకొన్నారు. అలా పోర్ట్‌లాండ్‌కు మారిస్ లూకస్ దొరికాడు. మోజెస్ మలోన్ కూడా దొరికాడు గాని సీజను మొదలు కాకముందే వేరే జట్టుకు ఇచ్చేశారు. ఆ మలోన్ తరువాత మూడుసార్లు లీగు మొత్తంలో ఉత్తమ ఆటగాడయ్యాడు. పెద్ద పెద్ద జీతాలు తీసుకొనేవారి లెక్కలు కూడా ఇలా తప్పుతుంటాయి!

రామ్సే ఆట చూస్తే నైస్మిత్ మాస్టారు సంతోషించేవారనిపిస్తుంది. వాల్టన్ బోర్డు దగ్గర ఎగిరి బంతి అందుకొని, పాదాలు నేలకు ఆనకముందే గాలిలో తిరిగి, సగం కోర్టు దూరంలో పరుగెత్తే లయొనెల్ హాలిన్స్‌కు విసిరేవాడు. ఒకచోట నిలబడి బంతి దాచుకొనేవాడు ఆ జట్టులో కనబడడు. నలుగురి చేతులు మారి ఎవరికి ఖాళీ ఉంటే వారి దగ్గరికి పోయేది బంతి.

ఆ సీజనులో 49 ఆటలు గెలిచి 33 ఓడారు. సొంత ఊళ్ళో 41 ఆటలలో 35 గెలిచారు. ఇందులో ఒక లెక్క గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పని ఉంది. వాల్టన్ ఆడిన 65 ఆటలలో 44 గెలిచారు. అతడు లేని 17 ఆటలలో గెలిచినవి అయిదే.

ప్లేఆఫ్‌లో షికాగోను, డెన్వర్‌ను దాటి, కరీమ్ అబ్దుల్ జబ్బార్ ఉన్న లాస్ ఏంజెలెస్‌ను వరుసగా నాలుగు ఆటలలో ఓడించారు. ఫైనల్లో ఎదురైనది ఫిలడెల్ఫియా. ముప్పై లక్షల డాలర్లు పోసి కొన్న జూలియస్ ఎర్వింగ్ అందులో ఉన్నాడు. ఏడు ఆటలలో నాలుగు గెలవాలి. మొదటి రెండూ పోర్ట్‌లాండ్ ఓడిపోయింది.

రెండో ఆట మే 26న. ఆట చివర ఫిలడెల్ఫియా కుర్రవాడు డారిల్ డాకిన్స్, పోర్ట్‌లాండ్ ఆటగాడు బాబ్ గ్రాస్ బంతి కోసం పెనగులాడి క్రింద పడ్డారు. లేచి డాకిన్స్ విసిరిన పిడికిలి తన జట్టువాడైన డగ్ కాలిన్స్‌కే తగిలింది. ఇంతలో లూకస్ వెనుక నుంచి వచ్చి డాకిన్స్‌ను కొట్టాడు. ఇద్దరూ పిడికిళ్ళు బిగించి నిలబడ్డారు, జనం కోర్టులోకి దిగారు. ఇద్దరినీ ఆట నుంచి పంపివేసి, తలా రెండువేల అయిదువందల డాలర్లు జరిమానా వేశారు. దెబ్బలు తగలకూడదని ఒక మాస్టారు కల్పించిన ఆట ఎనభై అయిదేళ్ళకు అక్కడికి వచ్చింది.

మూడో ఆట మే 29, ఆదివారం, పోర్ట్‌లాండ్‌లో. ఆటకు ముందు ఒక్కొక్కరి పేరు పిలుస్తారు. లూకస్ పేరు పిలవగానే అతడు తన జట్టు వైపు పోలేదు. తిన్నగా ఫిలడెల్ఫియా బెంచీ దగ్గరకు పోయి డాకిన్స్‌కు చెయ్యి చాచాడు. డాకిన్స్ తత్తరపడి, చెయ్యి కలిపాడు. ఎదుటివాడి కోపాన్ని చల్లార్చి బలహీనపరచడానికి వేసిన ఎత్తు అది అనేవారున్నారు. అయి ఉండవచ్చు. లూకస్ అమాయకుడేమీ కాదు. అయినా పన్నెండువేలమంది తన సొంత జనం అరుస్తుండగా, మొన్న కొట్టినవాడి దగ్గరకు తానే ముందుగా నడిచిపోవడం చిన్న పని కాదు. మన ఇళ్ళలో అన్నదమ్ములు గట్టు తగాదాల్లో పదేళ్ళయినా ఆ నాలుగడుగులు వెయ్యలేకపోవడం చూస్తూనే ఉన్నాం గదా!

ఆ రోజు 129–107తో గెలిచారు. తరువాతిది 130–98. అయిదోది ఫిలడెల్ఫియాలోనే 110–104. ఆరో ఆట జూన్ 5, ఆదివారం. ఎర్వింగ్ ఒక్కడే 40 పాయింట్లు చేశాడు. చివరి క్షణాలలో రెండు పాయింట్లే తేడా. జార్జ్ మెక్‌గినిస్ వేసిన ఆఖరు బంతి రింగులో పడలేదు. 109–107. వాల్టన్ ఆ ఒక్క ఆటలో 20 పాయింట్లు, 23 రీబౌండ్లు, ఏడు పాస్‌లు ఇవ్వడమే గాక ఎదుటివారి బంతులు ఎనిమిది ఆపాడు. ఆనందం పట్టలేక తన చొక్కా విప్పి జనంలోకి విసిరాడు. అది తన చేతికి దొరికి ఉంటే తినేసేవాణ్ణని లూకస్ అన్నాడట! ఫైనల్లో మొదటి రెండూ ఓడి, వరుసగా నాలుగు గెలిచిన జట్టు అంతకు మునుపు లేదు. ఆ వసంతంలో మొదలై 1995 దాకా, 814 ఆటలకు, ఆ ఊళ్ళో ఒక్క టిక్కెట్టూ మిగలలేదు.

ఇక్కడ ఆపితే బాగుండేది. మనవడు కూడా ఇక్కడ లేవబోయాడు. "కూర్చో, నీ సూది ఇంకా రాలేదు" అన్నాను.

మరుసటి సీజనులో మొదటి 60 ఆటలలో 50 గెలిచారు. అప్పుడు వాల్టన్ పాదం నొప్పి పెట్టింది. మిగిలిన ఆటలు ఆడలేకపోయాడు. అయినా ఆ ఏడు లీగు ఉత్తమ ఆటగాడు అతడే. 1978 ఏప్రిల్‌లో సియాటిల్‌తో ప్లేఆఫ్ వచ్చింది. అతడు లేకపోతే జట్టు నిలవదు. ఆ 17 ఆటల లెక్క అందరికీ గుర్తుంది. నొప్పి తెలియకుండా పాదానికి సూది వేసి రెండో ఆటకు దింపారు. ఆడాడు. ఆట తరువాత ఎక్స్‌రే తీస్తే చీలమండకు ముందుండే చిన్న ఎముక విరిగి ఉంది. నొప్పి ఉంటే ఆ కాలు నేలమీద ఆనేది కాదు. సూది పడింది గనుక ఎగిరాడు, దిగాడు, మళ్ళీ ఎగిరాడు.

సియాటిల్ గెలిచింది. తనకు వైద్యం సరిగా చేయలేదని వాల్టన్ ఆ క్లబ్బును తప్పుపట్టి, వేరే జట్టుకు పంపమన్నాడు. 1978–79 సీజను మొత్తం ఆడలేదు. తరువాత శాన్ డియాగోకు పోయాడు. అక్కడ రెండు సీజన్లు పూర్తిగా కోర్టులోకి దిగలేదు. 1986లో బోస్టన్ జట్టులో, ఎక్కువ భాగం బెంచీ మీద నుంచి వచ్చి ఆడే మనిషిగా, ఇంకొకసారి విజేత అయ్యాడు. జీవితంలో ముప్పైకి పైగా శస్త్రచికిత్సలు చేయించుకొన్నాడు. పోర్ట్‌లాండ్ జట్టు 1990లోనూ 1992లోనూ ఫైనల్ దాకా వచ్చి ఓడింది. ఆ 1977 తప్ప వారికి ఇంకొక గెలుపు లేదు.

బంతిని అంత బాగా పంచుకొన్న జట్టు బరువును మాత్రం పంచుకోలేకపోయింది. అదంతా ఒక్క పాదం మీదనే పెట్టారు. నాకు అర్థమైనది ఇది. వాల్టన్ కూడా ఆడాలనే కోరుకొని ఉంటాడు. నొప్పి ఉన్నవాణ్ణి ఆడతావా అని అడిగితే ఏ ఆటగాడు ఆడనంటాడు?

లూకస్ 2010లో, రామ్సే 2014లో, డాకిన్స్ 2015లో కన్నుమూశారు. వాల్టన్ 2024 మేలో వెళ్ళిపోయాడు. అతని కొడుకు పేరు లూక్. స్నేహితుడు లూకస్ మీద ప్రేమతో పెట్టుకొన్న పేరు. ఆ లూక్ కూడా పెద్దయి ఎన్.బి.ఎ.లో ఆడాడు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం వాళ్ళమ్మతో తానే వెళ్ళి ఎక్స్‌రే తీయించుకొన్నాడు. ఎముకలో వెంట్రుకంత పగులు. ఆరు వారాలు కట్టు. బుధవారం బెంచీ మీద కూర్చొని నీళ్ళ సీసాలు అందించాడు. వాళ్ళ స్కూలు ఆరు పాయింట్లతో ఓడిపోయింది. ఆ రాత్రి దుప్పటి ముసుగు పెట్టుకొని ఏడ్చాడట, అన్నం కూడా తినలేదట. నేను పోయి పలకరిస్తే, "నేనుంటే గెలిచేవాళ్ళం తాతా" అన్నాడు. అవునేమో. కాదని నేననలేదు.

ఇప్పుడు కట్టు విప్పారు, మళ్ళీ ఆడుతున్నాడు. వాళ్ళమ్మకు మాత్రం నా మీద ఒక ఫిర్యాదు మిగిలింది. ప్రొద్దున స్కూలు ఆటో వచ్చి వాకిట్లో హారను కొడుతుంటే, వీడు మెట్టు మీద కూర్చొని సాక్సు ముడతలు సవరించుకుంటూ ఉంటాడట.